ఇంగ్లీషు ఎమ్మే చేస్తే చివరికి ఏం వస్తుంది? మా ఇంట్లో తేలడం లేదు

పలాస_జీడిపప్పు:
అందరికీ నమస్కారం. మా చెల్లెలు శ్రీకాకుళంలో ఎంపీసీ బీఎస్సీ పూర్తి చేసింది. పీజీసెట్ మాత్రం ఇంగ్లీషులో రాసింది. ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో సీటు వచ్చేలా ఉంది. నాన్న ససేమిరా అంటున్నారు. "బీఈడీ చెయ్యమను, లేదంటే ఎంసీఏ. ఇంగ్లీషు ఇప్పుడు ఎల్‌కేజీ గుంటలే మాటాడేస్తన్నారు, దానికి ఎమ్మే ఏటి?" అని ఆయన ప్రశ్న. నాకు జవాబు దొరకలేదు. దానికేమో సాహిత్యం అంటే పిచ్చి. మధ్యలో నేను నలిగిపోతున్నాను. తెలిసినవాళ్ళు చెప్పండి, దయచేసి "ఇష్టమైంది చదవనివ్వండి" అనొద్దు. ఫీజు కట్టేది నాన్న.

గంటస్తంభం_కుర్రాడు:
వద్దు గురూ. నేను చేశాను కాబట్టే చెప్తున్నాను.

ఎమ్మే అవ్వగానే మా విజయనగరం పక్కనే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చేరాను. ఇంగ్లీషు మొదటి సంవత్సరానికే ఉండేది. రెండో ఏడు నుంచి మనం ఎవరో పిల్లలకి గుర్తు కూడా ఉండదు. లాంగ్వేజ్ ల్యాబ్ అంటే హెడ్‌ఫోన్లు, సగం ఒక చెవికే వినిపించేవి. జీతం ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. అదైనా సరే అనుకున్నాను. వేసవి వచ్చేసరికి అడ్మిషన్ల టార్గెట్ ఇచ్చి ఊళ్ళమీదకి తోలారు. చీపురుపల్లి దగ్గర ఒక పెద్దాయన అరుగుమీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, పాంప్లెట్ అంతా విన్నాడు. విని, "నువ్వేటి చదివావు బాబూ?" అన్నాడు. ఇంగ్లీషు ఎమ్మే అన్నాను. "మరి మావోణ్ణి ఇంజినీరింగు చదవమంటన్నావేటి?" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే తెలియక అడిగాడు. మజ్జిగ గొంతు దిగలేదు.

ఇప్పుడు మందుల డిస్ట్రిబ్యూషన్ చూసుకుంటున్నాను. షెల్లీ పద్యాలు అక్కర్లేదు.

నాగావళి_మేష్టారు:
తమ్ముడి బాధ నిజమే. కానీ ప్రైవేటు కాలేజీ అనుభవాన్ని సబ్జెక్టు మీదకి నెట్టకూడదు. అక్కడ ఫిజిక్స్ ఎమ్మెస్సీ వాడూ అడ్మిషన్లకి తిరిగే ఉంటాడు.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుని. పలాస తమ్ముడూ, మీ నాన్నగారు "బీఈడీ" అన్నారు కదా, అక్కడే అసలు మెలిక. ఎంపీసీ బీఎస్సీతో నేరుగా బీఈడీకి వెళ్తే ఇంగ్లీషు మెథడాలజీ, అంటే ఆ సబ్జెక్టు ఎలా చెప్పాలో నేర్పే పేపరు, ఇవ్వరు. బీఏలో స్పెషల్ ఇంగ్లీషో, ఇంగ్లీషు లిటరేచరో చదివి ఉండాలి, లేదా ఇంగ్లీషు ఎమ్మే ఉండాలి. మెథడాలజీ లేకుండా డీఎస్సీలో, అంటే గవర్నమెంటు టీచర్ల పరీక్షలో, ఇంగ్లీషు పోస్టుకి అప్లయ్ చెయ్యలేం. అందుకని ముందు ఎమ్మే, తర్వాత బీఈడీ. ఈ వరస తిరగేసుకుని, ఫిజిక్స్ మెథడాలజీతో బీఈడీ, ఆపైన ఇంగ్లీషు ఎమ్మే చేసి, సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఏడ్చినవాళ్ళని నేను చూశాను. ఒకామె మా స్టాఫ్ రూములోనే కూర్చుని ఏడ్చింది. మళ్ళీ రెండేళ్ళు చదివే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి.

2025 డీఎస్సీలో 16,347 పోస్టులు అని పేపర్లన్నీ రాశాయి. అది చూసి ఎగరొద్దు. అన్ని జిల్లాలూ, అన్ని సబ్జెక్టులూ, చిన్న క్లాసుల టీచర్లు ఎస్జీటీలూ కలిపిన లెక్క అది. మన జిల్లాలో, ఇంగ్లీషులో, మన రిజర్వేషన్ కేటగిరీలో ఎన్ని అని చూస్తే వేళ్ళమీద లెక్కపెట్టుకోవాలి. పైగా డీఎస్సీ ఎప్పుడు పడుతుందో ఎవరి చేతిలోనూ లేదు.

జూనియర్ లెక్చరర్‌కి పీజీ ఉంటే చాలు, బీఈడీ అడగరు. డిగ్రీ కాలేజీకైతే పీజీలో 55 శాతం, దానిమీద లెక్చరర్ అర్హత పరీక్ష, దేశమంతటికీ పెట్టే నెట్ గానీ రాష్ట్రం పెట్టే సెట్ గానీ. బీసీ, ఎస్సీ, ఎస్టీలకి మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది. నెట్‌లో నెగెటివ్ మార్కుల్లేవు, ఏడాదికి రెండుసార్లు పెడతారు. అందులోనే జేఆర్ఎఫ్, అంటే రీసెర్చి ఫెలోషిప్, గనక కొడితే నెలకి 37,000. మీ నాన్నగారికి ఈ అంకె ఒక్కటే చెప్పి ఊరుకోకండి, అది ఎంతమందికి వస్తుందో కూడా చెప్పండి.

మూడులాంతర్లు:
మన గురజాడ అప్పారావు గారు మహారాజా కాలేజీలో చదివి అక్కడే పాఠాలు చెప్పారు. 1883లోనే ఇంగ్లీషులో కావ్యం రాశారు. ఇంగ్లీషు చదువు విలువ గురించి విజయనగరం వాళ్ళకి ఒకరు చెప్పాలా!

గంటస్తంభం_కుర్రాడు:
ఆయన డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు తత్వశాస్త్రం గురూ, ఇంగ్లీషు కాదు. పైగా ఆయన్ని పోషించడానికి మహారాజా ఆనందగజపతి ఉన్నారు. నాకు ఓనర్ ఉన్నాడు.

మూడులాంతర్లు:
సరే, ఒప్పుకున్నాను. 😀

అరసవల్లి_అక్క:
నాదీ సాహిత్యం ఎమ్మేనే, ఆంధ్రా యూనివర్సిటీ. గవర్నమెంటు ఉద్యోగం రాలేదు, రెండుసార్లు డీఎస్సీ తప్పాను. ఇప్పుడు నర్సులకి ఓఈటీ నేర్పుతాను. యూకే, ఐర్లాండ్, ఆస్ట్రేలియా వెళ్ళే నర్సులు రాసే ఇంగ్లీషు పరీక్ష అది. మన జిల్లా ఆడపిల్లలు ఎంతమంది నర్సింగ్ చేస్తున్నారో మీకు తెలుసు కదా. ఉద్దానం నుంచి ఓడల మీదకి వెళ్ళే కుర్రాళ్ళు కూడా మార్లిన్స్ టెస్టు అని, ఓడ ఉద్యోగాల ఇంగ్లీషు పరీక్ష కోసం వస్తుంటారు.

ఓఈటీలో పేషెంటు వివరాలు ఇచ్చి ఉత్తరం రాయమంటారు. చదువుకోవడానికి 5 నిమిషాలు, రాయడానికి 40. టెక్కలి వైపు అమ్మాయి ఒకతె, ఆరేళ్ళ ఐసీయూ అనుభవం. ఉత్తరం ఎలా మొదలుపెట్టింది? పేషెంటుకి చిన్నప్పుడు అయిన అపెండిక్స్ ఆపరేషన్‌తో. పెన్సిలిన్ పడదు అన్న సంగతి చివరి పేరాలో, అదీ ఒక కామా తర్వాత ఉంది. నేను వ్యాకరణం దిద్దలేదు. "నువ్వు డ్యూటీ మారేటప్పుడు తర్వాతి సిస్టర్‌కి ముందేం చెప్తావు?" అని అడిగాను. పెన్ను పట్టుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత మొత్తం కొట్టేసి మళ్ళీ రాసింది. ఏది ముందు రావాలో, ఏది వదిలెయ్యాలో చూడటం నాకు నవలలు, పద్యాలు చదవడం వల్లే అబ్బింది. స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్లో రాదు.

గంటస్తంభం_కుర్రాడు:
అక్కా, అది నీ తెలివి. ఎమ్మే క్లాసులో మాకు నోట్సు డిక్టేట్ చేశారు, మేం బట్టీ పట్టాం.

అరసవల్లి_అక్క:
అదీ నిజమే, కాదనను. మా బ్యాచ్‌లో కూడా గైడు చదివి ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నవాళ్ళే ఎక్కువ. వాళ్ళల్లో చాలామంది ఇంగ్లీషు ఎమ్మే అని చెప్పుకోడానికి ఇప్పటికీ భయపడతారు, ఎక్కడ ఎవరు ఇంగ్లీషులో మాట్లాడతారో అని. నాకూ బ్యాచ్ లేని నెలల్లో టెన్షనే. పలాస తమ్ముడూ, మీ చెల్లి పుస్తకాలు నిజంగా చదువుతుందా, "ఇంగ్లీషు ఎమ్మే" అన్న మాట మీద మోజా? ముందు అది కనుక్కో.

కొత్తవలస_కీబోర్డు:
కంటెంట్ రైటింగ్ అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. నాలుగేళ్ళు చేశాను. ఇప్పుడు ఏఐ రాసినదాన్ని సరిచేసే పని, పాత రేటులో సగం.

పలాస_జీడిపప్పు:
అందరికీ థాంక్స్. మేష్టారు రాసింది రాత్రి నాన్నకి చదివి వినిపించాను. "ముందు ఎమ్మే, తర్వాత బీఈడీ" అన్న చోట ఆపి మళ్ళీ చదవమన్నారు. అప్పుడు బయటపడింది, ఫిజికల్ సైన్స్ మెథడాలజీతో బీఈడీ సీటు కోసం ఆయన ఇప్పటికే ఒకాయనతో మాట్లాడేశారట. చెల్లికీ తెలీదు, అమ్మకీ తెలీదు. ఇంట్లో చిన్న యుద్ధం అయింది. పొద్దున్నే నాన్న ఆ సీటు ఆయనకి ఫోన్ చేసి ఆగమన్నారు. అంటే ఒప్పుకున్నట్టా అంటే, కాదు. "రెండూ రెండూ నాలుగేళ్ళు" అని గోడకేసి చూస్తూ లెక్క వేసుకుంటున్నారు.

అక్కా, మీ ప్రశ్న చెల్లిని అడిగాను. మాట్లాడకుండా లోపలికెళ్ళి లైబ్రరీ కార్డు తెచ్చి నా ముందు పడేసింది. అంతా నిండిపోయి ఉంది.

మేష్టారూ, ఇంకొక్కటి. నెట్ రాయడానికి ఎమ్మే అయ్యేదాకా ఆగాలా?

నాగావళి_మేష్టారు:
అక్కర్లేదు. ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు. ఫలితం వచ్చాక రెండేళ్ళలోపు పీజీ పూర్తి చేసి ఉండాలి, అంతే. నాన్నగారి నాలుగేళ్ళ లెక్కలో ఇది కూడా వెయ్యమనండి.