ప్రూవింగ్ రింగ్ సర్టిఫికెట్ కేజీఎఫ్‌లో, రిపోర్ట్ కిలోన్యూటన్లలో: 9.81తో గుణించాలా, 10 చాలా?

సాయిల్_ల్యాబ్ అడిగారు:
మట్టిలోకి ప్లంజర్ (ఉక్కు కడ్డీ) దించి దాని గట్టిదనం కొలిచే సీబీఆర్ టెస్టుకి మా దగ్గర 50 కిలోన్యూటన్ల ప్రూవింగ్ రింగ్ ఉంది, అంటే లోడ్‌కి ఎంత నలిగిందో డయల్ మీద చూపించే ఉక్కు రింగ్. పాత సర్టిఫికెట్ ప్రకారం డయల్ మీద ఒక డివిజన్‌కి సగటున 5 కేజీఎఫ్ (కిలోగ్రామ్-ఫోర్స్). కన్సల్టెంట్ లోడ్లన్నీ కిలోన్యూటన్లలో ఇమ్మంటున్నారు. 2.5 మి.మీ. పెనెట్రేషన్ దగ్గర 20 డివిజన్లు వచ్చాయి. 10తో గుణిస్తే తప్పా? అసలు కేజీని బలానికి యూనిట్‌గా ఎలా పెట్టారు?

కొలత_లెక్క:
10 వాడితే దాదాపు 2 శాతం ఎక్కువ వస్తుంది. సరైన అంకె 9.80665, ఉజ్జాయింపు కాదు, నిర్వచనమే. ఒక కేజీ ద్రవ్యరాశిని భూమి లాగే బలమే కేజీఎఫ్. కానీ ఆ లాగుడు ఊరూరికీ మారుతుంది: భూమధ్యరేఖ దగ్గర 9.780, ధ్రువాల దగ్గర 9.832. ఇలా మారే దానితో యూనిట్ ఎలా పెడతారు? అందుకే 1901లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 9.80665ని ప్రామాణికంగా ఖాయం చేసింది. జర్మన్లు కేజీతో తికమక లేకుండా దీన్నే కిలోపాండ్ అన్నారు. పాత యూరోపియన్ మెషిన్ల డయల్ మీద కనిపించే 'కేపీ' అదే.

న్యూటన్‌కి భూమితో పనిలేదు. 1 కేజీకి సెకనుకి సెకనుకి 1 మీటరు త్వరణం ఇచ్చే బలం, అంతే. ఆ పేరు 1948లో ఖాయమైంది.

మీ లెక్క: 20 × 5 = 100 కేజీఎఫ్, అంటే 0.981 కిలోన్యూటన్లు. సీబీఆర్ అంటే మీ లోడ్ స్టాండర్డ్ లోడ్‌లో ఎంత శాతమో, కాబట్టి 2.5 మి.మీ. దగ్గరి స్టాండర్డ్ లోడ్ 1370 కేజీఎఫ్‌ని కూడా 13.44 కిలోన్యూటన్లుగా మార్చండి. ఎటు చేసినా సీబీఆర్ 7.3 శాతమే. పైన ఒక యూనిట్, కింద ఒక యూనిట్ పెడితేనే చిక్కు.

రింగ్_డయల్:
పై లెక్క కరెక్టే, కానీ అసలు సమస్య 9.81 దగ్గర లేదు. మీ రీడింగే 20 డివిజన్లు. ఒక్క డివిజన్ అటూ ఇటూ అయితే 5 శాతం పోయినట్టే: సీబీఆర్ 6.9 కావచ్చు, 7.7 కావచ్చు. 10కీ 9.81కీ ఉన్న తేడా దీనిముందు చిన్నది.

పైగా 100 కేజీఎఫ్ అంటే ఆ రింగ్ కెపాసిటీలో 2 శాతం. క్యాలిబ్రేషన్ మామూలుగా కెపాసిటీలో 10 శాతం నుంచో, 20 శాతం నుంచో మొదలవుతుంది. మీ సర్టిఫికెట్‌లో మొదటి లోడ్ ఎంతుందో చూడండి. దానికంటే కిందున్న రీడింగ్‌కి పూచీ లేదు. 'సగటు ఫ్యాక్టర్' కూడా నమ్మకండి. రింగ్ నలిగే కొద్దీ దాని ఆకారం మారుతుంది, కాబట్టి లోడ్–డిఫ్లెక్షన్ (నలిగిన మేర) గీత కొంచెం వంగి ఉంటుంది. సర్టిఫికెట్ టేబుల్‌లో దగ్గరి రెండు పాయింట్ల మధ్య ఇంటర్‌పోలేట్ చేయండి, అంటే మధ్య విలువని అనుపాతంలో లెక్కగట్టండి.

మెత్తటి మట్టికి 10 కిలోన్యూటన్ల రింగ్ పెట్టండి, ఇదే లోడ్‌కి దాదాపు ఐదు రెట్లు డివిజన్లు వస్తాయి. సీబీఆర్ 20 దాటేలా ఉంటే మాత్రం 50కే వెళ్లండి. 12.5 మి.మీ. దాకా లోడ్ పెరుగుతూనే ఉంటుంది, చిన్న రింగ్ కెపాసిటీ దాటితే శాశ్వతంగా వంగిపోతుంది. లోడ్ తీసేశాక డయల్ సున్నాకి రాకపోతే అదే గుర్తు. కానీ ముందు డయల్ గేజ్ బిగింపు స్క్రూ, కింద స్టెమ్ ఆనే చోటు చూడండి. చాలాసార్లు తప్పు రింగ్‌ది కాదు, వదులైన గేజ్‌ది.

కొలత_లెక్క:
ఒప్పుకుంటాను. ఇంకో రెండు. ల్యాబ్‌లోనే బరువులు వేలాడదీసి రింగ్ సరిచూసుకునేవాళ్లుంటారు: హైదరాబాద్‌లో గురుత్వ త్వరణం సుమారు 9.783, కాబట్టి అక్కడ 100 కేజీల దిమ్మ ఇచ్చేది 99.76 కేజీఎఫ్ మాత్రమే. ఇక వేడి. ఉక్కు వేడెక్కితే కాస్త మెత్తబడుతుంది, డిగ్రీకి దాదాపు 0.027 శాతం. 23 డిగ్రీల దగ్గర క్యాలిబ్రేట్ చేసిన రింగ్ మే నెలలో 38 డిగ్రీల షెడ్డులో 0.4 శాతం ఎక్కువ చూపిస్తుంది. సీబీఆర్‌కి ఇవి లెక్కలోకి రావు. అదే రింగ్‌తో ఇంకో మెషిన్‌ని సరిచూడాలంటే మాత్రం వస్తాయి.

సాయిల్_ల్యాబ్:
సర్టిఫికెట్ చూశాను, మొదటి పాయింట్ 500 కేజీఎఫ్. రేపు చిన్న రింగ్‌తో మళ్లీ చేస్తాం.

రింగ్_డయల్:
మళ్లీ చేసేటప్పుడు ప్లంజర్ మట్టికి సరిగ్గా ఆనేలా 4 కేజీల సీటింగ్ లోడ్ ఇచ్చాకే రెండు డయల్స్‌నీ (లోడ్‌ది, పెనెట్రేషన్‌ది) సున్నా చేయండి. మట్టి నింపిన అదే మౌల్డ్ వాడితే రెండో వైపు నుంచి చేయండి, ఒకసారి ప్లంజర్ దిగిన చోట మళ్లీ దించకండి.