బడిలో కంప్యూటర్ వాడితే లెక్కలు బాగా వస్తాయా?

గణితాభిమాని:
కంప్యూటర్ వాడితే లెక్కలు బాగా వస్తాయన్న నమ్మకానికి ఆధారం ఎక్కడుంది? విద్యలో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చు పెట్టిన దేశాల్లో పీసా (పదిహేనేళ్ల విద్యార్థులకు వివిధ దేశాల్లో పెట్టే పరీక్ష) గణిత ఫలితాలు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదని, దాన్ని నిర్వహించే దేశాల కూటమి ఓఈసీడీ 2015లోనే తేల్చింది. పెరూలో పల్లె బడుల పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచి, సుమారు 15 నెలల తరువాత పరీక్ష పెడితే గణితంలో తేడా కనిపించలేదు. ఆ డబ్బుతో ఉపాధ్యాయులను నియమించడమే మేలు.

అంకెలబడి:
పెరూలో యంత్రాలు పంచారు. వాటితో లెక్కలు ఎలా నేర్పాలన్నది మాత్రం వదిలేశారు. వడోదరలో అలా కాదు. నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు గంటలు, ఇద్దరికో కంప్యూటర్ చొప్పున, తమ స్థాయికి తగిన లెక్కల ఆటలు ఆడారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లోల బృందం 2007లో ప్రచురించిన ఆ అధ్యయనంలో గణితం మార్కులు స్పష్టంగా పెరిగాయి.

గణితాభిమాని:
కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ పెరుగుదలలో చాలా భాగం కరిగిపోయిందని కూడా అదే అధ్యయనం చెప్పింది. అది కూడా చెప్పాలి కదండీ.

లెక్కల టీచరమ్మ:
మీరిద్దరూ యంత్రాలు, గంటలు, మార్కుల దగ్గరే ఆగిపోయారు. తెర మీద ఏం జరుగుతోందో చూడండి. 1/3కి 1/4 కలపమంటే చాలామంది పిల్లలు 2/7 అంటారు. నాసిరకం ప్రోగ్రాము ‘తప్పు’ అని ఎర్రగుర్తు చూపిస్తుంది. పిల్లవాడు మిగతా జవాబులు ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోతాడు, ఏదో ఒకటి పచ్చగా వెలుగుతుంది. నేనైతే 1/3ని, 2/7ని సంఖ్యారేఖ మీద గుర్తించమంటాను. 2/7 ఎడమవైపు పడుతుంది. ‘కలిపాక తగ్గిందేమిటి టీచర్?’ అని వాడే అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టించే ప్రోగ్రాము కోసం నేను కంప్యూటర్ గది తలుపు రోజూ తీస్తాను.

ఇంకో మాట. కంప్యూటర్ ఎక్కువగా వాడే పిల్లలకు మార్కులు తక్కువని సర్వేలు చూపినంత మాత్రాన నేరం యంత్రానిదే అనకండి. లెక్కల్లో వెనుకబడ్డ పిల్లలనే అభ్యాసం కోసం దాని ముందు కూర్చోబెట్టే బడులు ఎన్నో ఉన్నాయి.

అంకెలబడి:
ఒప్పుకుంటాను టీచర్ గారూ. అయితే సంఖ్యారేఖ చూపించే ప్రోగ్రాము కొన్నా, పక్కవాడి తెర మీద ఇంకేదో ఆడుతుంటే పిల్లవాడి చూపు అటే పోతుంది. 2022 పీసాలో ఓఈసీడీ దేశాల విద్యార్థుల్లో 65 శాతం మంది, కనీసం కొన్ని గణితం తరగతుల్లోనైనా డిజిటల్ పరికరాల వల్ల ధ్యాస చెదురుతోందన్నారు. నలభై మందిని ఒక్క టీచరు ఎలా కనిపెట్టుకోవాలి?