సరిహద్దు దాటగానే బండి వేగం ఎందుకు మారుతోంది? లైసెన్స్ మీద పడ్డ వేటు మన వెంట ఇంటిదాకా రావాలా?

గాలిమర:
పోయిన నెల ఆరుగురం బైకుల మీద ఆల్ప్స్ కనుమలు తిరిగొచ్చాం. జర్మనీలో మొదలుపెట్టి ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మీదుగా ఇటలీ దాకా. కొండలు, సరస్సులు అన్నీ బాగున్నాయి. కానీ ఇంటికొచ్చాక నన్ను వదలనిది వేరే విషయం. స్విట్జర్లాండ్‌లో ఉన్నంతసేపూ అందరం చీమల బారులా వెళ్లాం. లిమిట్ 80 అంటే 78. ఇటలీ బోర్డు దాటాక రెండు మలుపులు తిరిగామో లేదో, ముందున్న ఇద్దరు మాయం. అవే బళ్లు, అవే చేతులు, అదే మధ్యాహ్నం. సాయంత్రం అడిగితే ఒకాయన అన్నాడు: "ఇక్కడ దొరికినా ఫైనే కదా. మన లైసెన్స్ మన దేశానిది, దాన్ని వీళ్లేం చేస్తారు?"

స్విట్జర్లాండ్‌లో అంత బుద్ధిగా ఎందుకున్నామో అందరికీ తెలుసు. 2013 నుంచి అక్కడ మితిమీరిన వేగానికి ప్రత్యేకంగా చట్టం ఉంది. 50 లిమిట్ ఉన్నచోట ఇంకో 50, 80 ఉన్నచోట ఇంకో 60 ఎక్కువ వెళ్తే దాన్ని మామూలు ట్రాఫిక్ తప్పుగా చూడరు, నేరం కింద కేసు పెడతారు. నాలుగేళ్ల దాకా జైలు పడొచ్చు, బండి కూడా పోవచ్చు. 2023 అక్టోబరు నుంచి పాత కేసులు లేనివాళ్ల విషయంలో జడ్జికి కొంత వెసులుబాటు ఇచ్చారు, అంతే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పరాయి దేశంలో ఘోరమైన వేగంతో దొరికినవాడి లైసెన్స్ మీద వేటు పడితే, అది అతని సొంత దేశంలోనూ చెల్లాలి. 2025 అక్టోబరులో యూరోపియన్ పార్లమెంటు ఆమోదించిన కొత్త లైసెన్స్ నియమాల్లో ఉన్నది ఇదే. తాగి నడిపినందుకో, లిమిట్ కన్నా 50 ఎక్కువ వెళ్లినందుకో యూరోపియన్ యూనియన్‌లోని ఒక సభ్య దేశంలో నడిపే హక్కు పోతే మిగతా దేశాల్లోనూ పోవాలి. చట్టం చేసుకోవడానికి దేశాలకు మూడేళ్లు, ఏర్పాట్లకు ఇంకో ఏడాది ఇచ్చారు. నా దృష్టిలో ఇది ఎప్పుడో రావాల్సింది. మీరేమంటారు?

ఫోర్‌స్ట్రోక్:
గాలిమర గారూ, రోగం మీరు చెప్పిందే, మందు మాత్రం ఇది కాదు. జర్మనీలో ఊరి బయట లిమిట్ కన్నా 61 నుంచి 70 ఎక్కువ వెళ్తే 600 యూరోల ఫైన్, రికార్డులో రెండు తప్పు పాయింట్లు, రెండు నెలలు బండి ముట్టకూడదు. అంతే వేగానికి సరిహద్దు అవతల స్విట్జర్లాండ్‌లో కోర్టు బోనెక్కాలి. ఇక జర్మనీ హైవేల మీద చాలాచోట్ల లిమిటే లేదు. 1978 నుంచి 130 అన్నది సలహా మాత్రమే. మరి ఏ దేశం కొలత సరైన కొలత? ముందు ఆ కొలత ఒకటి కావాలి. అప్పుడు శిక్షను సరిహద్దు దాటించండి.

డబ్బు సంగతీ అంతే. ఫిన్లాండ్‌లో ఆదాయాన్ని బట్టి ఫైన్ వేస్తారు. నోకియాలో పెద్ద పదవిలో ఉన్న అన్సీ వాన్యోకి హెల్సింకీలో 50 లిమిట్ ఉన్నచోట హార్లీ బైకు మీద 75తో వెళ్తే 2002లో ఆయనకు 1,16,000 యూరోలు వేశారు. అప్పీలులో చాలా తగ్గిందనుకోండి. మిగతా చోట్ల కోటీశ్వరుడికీ కాలేజీ కుర్రాడికీ ఒకటే రేటు. ఇంత తేడా ఉన్నచోట "అందరికీ ఒకే న్యాయం" అనడం నాకు మింగుడుపడదు.

వెనకసీటు:
మా ఆయన నడిపితే నేను వెనక కూర్చుంటాను, ఎనిమిదేళ్లుగా. మీ ఇద్దరి లెక్కల్లో నాలాంటివాళ్లు ఎక్కడా లేరు, అందుకే రాస్తున్నాను.

100తో వెళ్తుంటే సెకనుకి 28 మీటర్లు. ముందు ఏదో ఉందని చూసి బ్రేక్ పట్టేలోపే ఒక సెకను పోతుంది. తర్వాత పొడి రోడ్డు మీద గట్టిగా పట్టినా ఇంకో 48 మీటర్లు. అంటే 76. అదే 150తో అయితే మొదటి సెకనుకే 42, ఆగడానికి 108. మొత్తం 150 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లయితే ఆగే దూరం రెండింతలవుతోంది. కనుమ దారిలో మలుపు అవతల 150 మీటర్లు కనబడే చోట్లు ఎన్ని ఉంటాయి చెప్పండి. పైగా పక్కదారి నుంచి రోడ్డెక్కబోయే కారతనికి బైకు చిన్నగా కనబడుతుంది. చిన్నగా ఉంది కాబట్టి ఇంకా దూరంగా ఉందనుకుంటాడు.

మా ఊళ్లో నేను భుజం తడితే ఆయన వెంటనే తగ్గిస్తారు. బోర్డర్ దాటాక తడితే "ఇక్కడ ఏం కాదులే" అంటారు. ఏం కాదంటే ఫైన్ రాదని అర్థం. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. శిక్ష ఇంటిదాకా వస్తుందంటే ఆయన తగ్గిస్తారు, అది నాకు ఖాయంగా తెలుసు. నాకు అంతే చాలు.

తోలుజాకెట్:
వెనకసీటు గారూ, మీ మాట గుచ్చుకుంది. నేనూ అలా వెళ్లినవాణ్ణే, దాచుకోవడం దేనికి.

అసలు తేడా అంతా కెమెరా దగ్గర మొదలవుతుంది. జర్మనీలో నడిపినవాణ్ణే శిక్షించాలి, ఓనర్‌ని కాదు. అందుకని ఫొటో ముందు నుంచి తీసి మొహం గుర్తుపట్టాలి. అక్కడ బైకుకి ముందు నంబర్ ప్లేట్ ఉండదు, మొహం మీద హెల్మెట్. వెనక ప్లేటు దొరికినా నడిపిందెవరో తేలకపోతే చాలా కేసులు అక్కడే ఆగిపోతాయి. మహా అయితే ఇకపై బండి ఎవరు ఎప్పుడు నడిపారో పుస్తకంలో రాయమని ఓనర్‌ని ఆదేశిస్తారు. ఫ్రాన్స్‌లో అలా కాదు. వెనక నుంచి ఫొటో, ఉత్తరం ఓనర్‌కి. నడిపింది నువ్వు కాకపోతే ఎవరో చెప్పు, లేదా కట్టు.

2015 నాటి యూరోపియన్ ఆదేశం వల్ల ఓనర్ వివరాలు దేశాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. వేగం, సిగ్నల్ దాటడం, హెల్మెట్ లేకపోవడం లాంటి ఎనిమిది తప్పులకి. అలాగే నాకూ ఫ్రాన్స్ నుంచి ఉత్తరం వచ్చింది. త్వరగా కడితే 90 యూరోలు, లేకపోతే 135. 90 కట్టి మర్చిపోయాను. అదే కెమెరా ముందు అదే వేగంతో, లిమిట్ మీద 25 ఎక్కువతో, వెళ్లిన ఫ్రెంచ్ రైడర్‌కి అతని లైసెన్స్ మీద ఉండే 12 పాయింట్లలో రెండు పోతాయి, అన్నీ పోతే లైసెన్సే పోతుంది. నాకు ఒక్కటీ పోలేదు. ఇద్దరం ఒకే తప్పు చేశాం. అతను ఏడాదంతా ఒళ్లు దగ్గర పెట్టుకుని నడపాలి, నేను 90 యూరోలకి ఆ వేగాన్ని కొనుక్కున్నాను. ఫోర్‌స్ట్రోక్ అన్నా, న్యాయంలో తేడా గురించి నువ్వంటున్నావు కదా, ఇది అంతకంటే పెద్ద తేడా కాదా?

ఛానల్‌దాటి:
నేను బ్రిటన్ వైపు నుంచి వెళ్తుంటాను. బ్రెగ్జిట్ తర్వాత, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చాక, 2021 నుంచి, ఆ వివరాల మార్పిడి మాకు లేదు. కెమెరా ఫ్లాష్ కొట్టినా ఉత్తరం రాదు. తెలిసిన రైడర్లలో కొందరు దీన్ని పండగలా చెప్పుకుంటారు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. నాకైతే వినడానికే సిగ్గేస్తుంది. వెళ్తున్నది ఇంకొకరి ఊరి మీదుగా.

అయితే పోలీసు ఆపితే కథ వేరే. ఫైన్ అక్కడికక్కడే కట్టించుకుంటారు, లేకపోతే బండి కదలదు. వేగం మరీ ఎక్కువైతే లైసెన్స్ తీసేసుకుంటారు, ఇక ఫ్రాన్స్‌లో నడపడానికి లేదు. గాలిమర గారి స్నేహితుడు "లైసెన్స్‌ని ఏం చేస్తారు" అన్నాడే, ఆయనకి ఇది చెప్పండి. 2025 డిసెంబరు చివరి నుంచి అక్కడ లిమిట్ మీద 50 ఎక్కువ వెళ్తే మొదటిసారే నేరం, మూడు నెలల దాకా జైలు, 3,750 యూరోల దాకా జరిమానా.

కానీ నేను చూసినంతలో మనిషిని ఆపేది శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, దొరుకుతామన్న నమ్మకం. జైలు అని కాగితం మీద రాసి పదేళ్లకోసారి ఒకణ్ణి పట్టుకుంటే ఎవడూ లెక్కచేయడు. 90 యూరోలే కానీ ప్రతిసారీ వస్తుందంటే చెయ్యి దానంతటదే తగ్గుతుంది. లైసెన్స్ కన్నా ముందు ఆ ఉత్తరాలు అన్ని దేశాలకీ వెళ్లేలా చూడాలి.

కనుమకిందిల్లు:
కనుమ కింద ఉండేవాళ్ల మాట కూడా వినండి. శని, ఆదివారాలు కిటికీ తీయలేం. 2020లో ఆస్ట్రియాలోని టిరోల్‌లో రాయిటె జిల్లా రోడ్ల మీద, బండి కాగితాల్లో 95 డెసిబెల్స్ దాటి శబ్దం రాసి ఉన్న బైకుల్ని సీజన్‌లో నిషేధించారు. మెల్లగా వెళ్లేవాళ్లు కూడా బండి మోడల్ వల్ల ఆగిపోయారు. ఆ కొందర్ని విడిగా శిక్షించలేకపోతే చివరికి రోడ్డు అందరికీ మూసేస్తారు. నేనూ రైడర్‌నే, అందుకే ఇంత బాధ.

గాలిమర:
ఫోర్‌స్ట్రోక్ గారూ, మీ కొలత ప్రశ్నకి జవాబు బాకీ ఉన్నాను. కొత్త నియమం చిన్నాచితకా తప్పులకి కాదు. లిమిట్ మీద 50 ఎక్కువ అంటే మీ జర్మనీలో కూడా కనీసం ఒక నెల బండి పక్కన పెట్టాల్సిందే. అంటే ఆ స్థాయికి వచ్చేసరికి దేశాల మధ్య శిక్ష ఎంతన్న దాంట్లోనే తేడా, తప్పా కాదా అన్నదాంట్లో కాదు. జర్మన్ హైవే మీద 180 నాకు సమస్యే కాదు, అక్కడ అది అనుమతి. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి అక్కడి జైలు ఈ దారిలో ఎవరి ఇంటికీ రాదు.

ఛానల్‌దాటి గారి మాట మాత్రం ఒప్పుకుంటున్నాను. నేను శిక్ష వైపే చూశాను, పట్టుకునే పద్ధతి వైపు చూడలేదు. తోలుజాకెట్ గారు చెప్పిన హెల్మెట్ సంగతి తేలకుండా లైసెన్స్ మీద వేటు పడేది పోలీసు ఎదురుగా దొరికినవాడికే.

ఫోర్‌స్ట్రోక్:
50 దాటిన కేసుల వరకు సరే, మీతో ఉన్నాను. బండి జప్తు దగ్గరే నాకు ఇంకా పేచీ. డెన్మార్క్‌లో 2021 నుంచి 200 దాటినా, లిమిట్‌కి రెట్టింపు దాటి 100 పైన వెళ్లినా బండి పోతుంది, అది ఎవరిదైనా సరే. ఆ ఏడాదే నార్వేలో ఉండే ఒకాయన జర్మనీలో లంబోర్గినీ కొనుక్కుని ఇంటికి వెళ్తూ 236తో దొరికాడు. కారు అక్కడే పోయింది. అది ఆయన సొంతం, సరే. ఆస్ట్రియా కూడా 2024 మార్చి నుంచి జప్తు పెట్టింది కానీ, వేరేవాళ్ల బండైతే వేలం వేయదు, నడిపినవాడు ఆ బండిని మళ్లీ నడపకుండా నిషేధిస్తుంది. నాకు అదే సబబు అనిపిస్తుంది. అడిగి తీసుకెళ్లిన తమ్ముడి బండి మీద అన్న చేసిన తప్పుకి తమ్ముడు ఎందుకు నష్టపోవాలి?

వెనకసీటు:
తమ్ముడు తాళం ఇచ్చేటప్పుడు అన్న ఎలా నడుపుతాడో తెలిసే ఇస్తాడు కదా అన్నయ్యా. మా ఇంట్లో అయితే అందరికీ తెలుసు.