సగటు 10 నిమిషాలా, 6 నిమిషాలా? బస్సు లెక్కలో మూడు సందేహాలు

మద్దిలపాలెం విద్యార్థి:
నమస్కారమండి, స్టాటిస్టిక్స్ ఇప్పుడే మొదలుపెట్టాను. గాజువాక బస్సు కోసం ఏడు ఉదయాలు ఎదురుచూసిన నిమిషాలు: 5, 8, 4, 35, 6, 5, 7. ఆరు రోజులు 8 దాటలేదు, అయినా సగటు 10 వస్తోంది. క్రమవిచలనమేమో (స్టాండర్డ్ డీవియేషన్, అంటే విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) ఎక్సెల్‌లో ఒక ఫార్ములాకి 10.3, ఇంకోదానికి 11.1. ఏది తప్పు? ఇంకోటి, బస్సు లేటయ్యే సంభావ్యత రోజుకి 0.2 అయితే ఐదు రోజుల్లో ఒకసారి లేటవడం ఖాయమేనా?

సీతమ్మధార:
సగటు సరిగ్గానే వేశారు. మొత్తం 70, అందులో సగం ఆ ఒక్క రోజుదే. ఇప్పుడు మధ్యగతం చూడండి. చిన్నదాని నుంచి పెద్దదానికి పేరిస్తే 4, 5, 5, 6, 7, 8, 35. నాలుగోది 6. పేర్చకుండా మధ్యలోది తీసుకోవడం కొత్తవాళ్లు తరచు చేసే తప్పు. మీరు రాసిన వరుసలో అలా తీస్తే 35 వస్తుంది! అది రాతలో పొరపాటని తేలితే తప్ప ఆ 35ని కొట్టేయొద్దు.

మామూలుగా ఎంతసేపు ఆగాలి అంటే 6 చెప్పండి. 25 రోజులకు మొత్తం ఎంత సమయం పోతుందంటే మాత్రం సగటే వాడాలి: 250 నిమిషాలు. మధ్యగతంతో గుణిస్తే 150 వచ్చి మోసపోతాం.

ఉక్కునగరం:
రెండు క్రమవిచలనాలూ సరైనవే, ప్రశ్నలే వేరు. 10 నుంచి తేడాల వర్గాలు కూడితే 740. ఆ ఏడు రోజుల గురించే అయితే 7తో భాగించి వర్గమూలం తీయండి, 10.3. అవి ఏడాది మొత్తానికి శాంపిల్ అయితే 6తో, 11.1.

ఒకటి ఎందుకు తగ్గించాలి? తేడాలను ఏడాది అసలు సగటు నుంచి కొలవాలి. అది తెలియక ఈ ఏడింటి సగటు నుంచే కొలుస్తున్నాం. వర్గాల మొత్తం అతి తక్కువగా వచ్చేది సరిగ్గా అక్కడే. అందుకే 7తో భాగిస్తే విస్తృతి (వేరియన్స్, అంటే వర్గమూలం తీయకముందు వచ్చే సంఖ్య) సగటున తక్కువగా తేలుతుంది, 6 ఆ లోటు సరిచేస్తుంది. ఇలాంటి అంచనాల విస్తృతి ఏ హద్దు కంటే తగ్గదో 1945లో చూపిన సి.ఆర్. రావు గారు గణితం చదివింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. ఇక్కడి పిల్లలకి ఈ సంగతి తప్పక తెలియాలి.

ఎంవీపీ కాలనీ:
ఖాయం కాదండి. 0.2ని ఐదుసార్లు కూడేశారు. కూడిక పరస్పర వర్జిత ఘటనలకే, అంటే రెండూ కలిసి జరగలేనప్పుడే. సోమవారమూ మంగళవారమూ రెండూ లేటవొచ్చు కదా. ఒక్కరోజూ లేటవకపోవడం పట్టుకోండి: 0.8ని ఐదుసార్లు గుణిస్తే 0.328. ఒకటిలోంచి తీస్తే 0.672, అదే కనీసం ఒకసారి లేటయ్యే సంభావ్యత.

ఈ గుణకారం చెల్లాలంటే రోజులు స్వతంత్రంగా ఉండాలి, అంటే ఒకరోజు లేటవడం ఇంకోరోజు సంభావ్యతని మార్చకూడదు. అక్టోబరు, నవంబరు వానల్లో అది నిలవదు. వాయుగుండం పట్టిందంటే వరసగా రెండు మూడు రోజులు బస్సులు లేటే. లేట్లు అలా గుంపుగా వస్తే 0.672 తగ్గుతుంది, ఐదు రోజులూ పూర్తిగా ఒకేలా నడిస్తే 0.2 దగ్గరే ఆగుతుంది.

మద్దిలపాలెం విద్యార్థి:
అర్థమైందండి. మరి నాలుగు రోజులు సరైన టైముకే వస్తే ఐదో రోజు 0.672 అనుకోవచ్చా?

ఎంవీపీ కాలనీ:
లేదు. 0.672 వారం మొదలవకముందు లెక్క. నాలుగు రోజులు గడిచిపోయాక, స్వతంత్రమైతే, ఐదో రోజుకి మళ్లీ 0.2నే.