మేయర్‌ని జనమే నేరుగా ఎన్నుకోవాలా?

గంటస్తంభం (విజయనగరం):
ఎన్నుకోవాలనే నా వాదన. 2002లో హైదరాబాద్ మేయర్‌ని ఓటర్లే ఎన్నుకున్నారు కదా. ఇప్పుడు మనం ఓటేసేది డివిజన్ కార్పొరేటర్‌కి. వాళ్లు చేతులెత్తి మేయర్‌ని తేలుస్తారు. 2021లో ఇక్కడ వైసీపీకి 50 డివిజన్లలో 48 వచ్చాయి. ఇంక ఆ చేతులెత్తడం లాంఛనమే, పార్టీ కవర్లో ఏ పేరుంటే అదే.

కోటగుమ్మం:
నేరుగా గెలిపించి ఏం చేస్తారండీ? బిల్లుల మీద సంతకం, సిబ్బంది మీద అజమాయిషీ కమిషనర్‌వి. మేయర్‌ది కౌన్సిల్ నడిపే కుర్చీ. మేయర్‌ది ఒక పార్టీ, కౌన్సిల్లో మెజారిటీ ఇంకో పార్టీది అయితే బడ్జెట్ దగ్గరే బండి ఆగిపోద్ది. ముందు అధికారాలు మార్చండి, తర్వాత ఓటు సంగతి.

గంటస్తంభం:
మరి గెలిచాక పనిచేయకపోతే దించే దారేది?

కోటగుమ్మం:
అవిశ్వాసం. సభ్యుల్లో సగం మంది సంతకాలతో కలెక్టర్‌కి నోటీసివ్వాలి, ఆయన సమావేశం పెడతారు, అక్కడ మూడింట రెండొంతులు రావాలి. విశాఖలో 2025 ఏప్రిల్ 19న 111 మంది సభ్యులకి కావలసిన 74 ఓట్లూ పడ్డాయి, ఒక్కటి తగ్గినా వీగిపోయేది. అదీ నాలుగేళ్లు నిండాకే పెట్టగలిగారు. ఓటింగ్ దాకా కార్పొరేటర్లు క్యాంపుల్లో! నేరుగా గెలిచిన మేయర్‌ని అయితే 74 మంది చేతులెత్తి ఎలా దించుతారు, చెప్పండి.

ఏడురోడ్లు (శ్రీకాకుళం):
గురువుగారూ, మీ గోల బాగుంది. మా పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. 2015లో కార్పొరేషన్ అన్నారు, పక్క పంచాయతీలు కలిపారు, కోర్టుల్లో పడింది. కౌన్సిల్ తీర్మానం కావలసిన ఫైలుకి ప్రత్యేకాధికారి సంతకమే తీర్మానం. కాలువ పూడిక తీయలేదని అడగడానికి డివిజన్‌లో కార్పొరేటరే లేడు. గడువు ముగిసేలోగా ఎన్నిక జరగాలని రాజ్యాంగం 243యూ చెబుతుంది. ఇక్కడ ఏళ్ల తరబడి దిగనిది ప్రత్యేకాధికారి కుర్చీయే, అందులో మనిషే మారతాడు.

కోటగుమ్మం:
అది నిజమే. మీకు కావలసింది వరసలో ఇదీ: విలీన గ్రామాల కేసు తేలాలి, డివిజన్ల సరిహద్దులు గీసి అభ్యంతరాలు తీసుకోవాలి, డివిజన్ల వారీగా ఓటర్ల జాబితా, ఆపైన రిజర్వేషన్లు. అప్పుడే ఎన్నికల సంఘం నోటిఫికేషన్. మొదటి మెట్టు దగ్గర ఆగితే మిగతావి కదలవు.

ఏడురోడ్లు:
ఆ మొదటి మెట్టు మీదే కూర్చున్నాం. విలీనం వద్దనే గ్రామాలకి పన్ను పెరుగుద్దని, ఉపాధి హామీ పనులు పోతాయని భయం. అది తప్పనలేం. ఆ గ్రామాలని వదిలేసి పాత పట్టణానికైనా ఎన్నిక పెట్టొచ్చు కదా?