చర్చ: జాన్స్ హాప్కిన్స్ – ఆసుపత్రికీ విశ్వవిద్యాలయానికీ వేర్వేరు ధర్మకర్తల మండళ్లు ఎందుకు?

జిజ్ఞాసువు:
బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టే ముందు దాని పాలన ఎలా సాగుతుందో తెలుసుకోవాలనుకుంటున్నాను. వైద్య కళాశాల విశ్వవిద్యాలయానిదనీ, ఆసుపత్రి మాత్రం చట్టరీత్యా వేరే సంస్థ అనీ చదివాను. ఒకే దాత స్థాపించిన రెండూ విడిగా ఎందుకున్నాయి? అక్కడ చదివినవారు, పనిచేసినవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

పాతదస్త్రం:
ఆ విభజన దాత స్వయంగా చేసినదే. వర్తకుడైన జాన్స్ హాప్కిన్స్ 1867లోనే రెండు సంస్థలను వేర్వేరుగా నమోదు చేయించి, దేని మండలిని దానికి ఏర్పరిచారు. 1873 డిసెంబరులో ఆయన మరణించాక 70 లక్షల డాలర్ల ఆస్తి రెండింటికీ సమానంగా దక్కింది. అయితే అదే సంవత్సరం ఆసుపత్రి ధర్మకర్తలకు రాసిన లేఖలో, ఆసుపత్రి చివరికి విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలతో కలిసి నడవాలనీ, పేద రోగులను వర్ణభేదం లేకుండా చేర్చుకోవాలనీ ఆయన కోరారు. మండళ్లు రెండైనా లక్ష్యం ఒకటేనన్నమాట.

అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. విశ్వవిద్యాలయపు వాటాలో అధిక భాగం బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే షేర్ల రూపంలో ఉండడంతో, 1880ల చివర ఆ కంపెనీ డివిడెండ్లు ఆపేయగానే విశ్వవిద్యాలయం చేతులు కట్టేసినట్లయింది. ఆసుపత్రి 1889లో తెరుచుకున్నా వైద్య కళాశాల మాత్రం 1893 వరకు ఆగవలసి వచ్చింది. వేర్వేరు నిధులు ఉండబట్టే ఆసుపత్రి పని ఆగలేదని నా అభిప్రాయం.

ప్రజారోగ్య విద్యార్థిని:
పాతదస్త్రం గారు చెప్పినదానికి ఒక ముఖ్యమైన విషయం చేర్చాలి. ఆ కళాశాలను నిలబెట్టినది స్త్రీలు. మేరీ ఎలిజబెత్ గారెట్, ఆమె మిత్రురాళ్లు దేశమంతటా విరాళాలు సేకరించారు. అవసరమైన 5 లక్షల డాలర్లలో 3 లక్షలకు పైగా గారెట్ గారే ఇచ్చారు. ఆమె తండ్రి అదే రైల్వేకు అధ్యక్షుడిగా పనిచేసినవారు కావడం గమనించదగ్గది. ఆ విరాళానికి ఆమె పెట్టిన షరతులు రెండు: స్త్రీలను పురుషులతో సమానంగా చేర్చుకోవాలి, ప్రవేశానికి ముందే డిగ్రీ ఉండాలి. రెండో షరతు చాలా కఠినమని అప్పట్లో ఆచార్యులే సందేహించారు. నేటి అమెరికా వైద్యవిద్యలో డిగ్రీ తరువాతే ప్రవేశమన్న పద్ధతి స్థిరపడడంలో ఆ షరతు పాత్ర చాలా పెద్దది. మొదటి తరగతిలో చేరిన 18 మందిలో ముగ్గురు స్త్రీలు.

ఇంత చేసిన చోటే, డిగ్రీ స్థాయి చదువుకు స్త్రీలు 1970 వరకు వేచి ఉండవలసి వచ్చిందన్నది కూడా మరచిపోకూడదు. క్రిస్టీన్ లాడ్-ఫ్రాంక్లిన్ 1882 నాటికే గణితంలో డాక్టరేటుకు కావలసిన పనంతా పూర్తిచేశారు; పట్టా చేతికి వచ్చింది 1926లో.

ప్రయోగశాల:
విశ్వవిద్యాలయం వైపు నుంచి నేను చెబుతాను. తొలి అధ్యక్షుడు డేనియల్ కోయిట్ గిల్మన్ 1876 ఫిబ్రవరి 22న పదవి స్వీకరించారు. భవనాల కన్నా ముందు మనుషులను వెతకాలన్నది ఆయన పద్ధతి: గణితానికి సిల్వెస్టర్, రసాయనశాస్త్రానికి రెమ్సెన్, భౌతికశాస్త్రానికి రోలండ్, గ్రీకు భాషకు గిల్డర్‌స్లీవ్ వచ్చారు. జర్మన్ విశ్వవిద్యాలయాల్లోని సెమినార్, ప్రయోగశాల పద్ధతులను తెచ్చి, ఏడాదికి 500 డాలర్ల చొప్పున ఫెలోషిప్‌లు ఇచ్చి పరిశోధక విద్యార్థులను పోషించారు. ప్రచురణ లేని పరిశోధన అసంపూర్ణమని నమ్మినందువల్లే 1878లో విశ్వవిద్యాలయ ముద్రణాలయం మొదలైంది. అది నేటికీ నడుస్తోంది.

జిజ్ఞాసువు:
అందరికీ కృతజ్ఞతలు. మరి ఇప్పుడు నిర్ణయాలు ఎవరివి? విద్యార్థి ఎవరిని చూసుకోవాలి?

ప్రజారోగ్య విద్యార్థిని:
ధర్మకర్తల మండలి అధ్యక్షుడిని నియమిస్తుంది. విద్యా వ్యవహారాలను ప్రొవోస్ట్ చూస్తారు. కానీ రోజువారీ అధికారం ఆయా స్కూళ్ల డీన్లది. బడ్జెట్, ప్రవేశాలు, ఫీజు చాలావరకు స్కూలు స్థాయిలోనే తేలుతాయి. 1916లో స్థాపించిన మా ప్రజారోగ్య స్కూల్లో ఎనిమిది వారాల టర్ములు ఉండేవి. విశ్వవిద్యాలయపు ప్రధాన ప్రాంగణమైన హోమ్‌వుడ్‌లో సెమిస్టర్లు. అక్కడి కోర్సు తీసుకున్నప్పుడు నేను రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టుకునే ప్రణాళిక వేసుకునేదాన్ని. అందుచేత విశ్వవిద్యాలయం పేరు చూసి కాక, మీరు చేరబోయే స్కూలు నియమాలు చదివి దరఖాస్తు చేయండి.

వైద్యం విషయంలో మాత్రం 1990ల నుంచి రెండు సంస్థలనూ కలిపే ఏర్పాటు ఉంది: వైద్య కళాశాల డీనే 'జాన్స్ హాప్కిన్స్ మెడిసిన్'కు కూడా సారథి. మండళ్లు మాత్రం ఇప్పటికీ విడివిడిగానే ఉన్నాయి.

ప్రయోగశాల:
ఒక హెచ్చరిక. పరిశోధన వ్యయంలో ఈ విశ్వవిద్యాలయం 1979 నుంచి అమెరికాలో మొదటి స్థానంలో ఉందని చూసి, ఆ డబ్బంతా అన్ని శాఖలకూ పంచుతారని అనుకోకండి. 1942లో యుద్ధ అవసరాల కోసం మొదలైన అనువర్తిత భౌతికశాస్త్ర ప్రయోగశాల ఆ మొత్తంలో చాలా పెద్ద వాటా ఖర్చు చేస్తుంది. అది ఆ స్కూళ్లలో చేరదు, ప్రధానంగా రక్షణ, అంతరిక్ష పనులు చేస్తుంది. మీకు ఆర్థిక సహాయం కావాలంటే ఆచార్యుడి గ్రాంటు ఎన్నేళ్లు ఉందో, అది ముగిస్తే శాఖ ఏమి హామీ ఇస్తుందో ముందే లిఖితపూర్వకంగా అడగండి.