పాస్టన్ కుటుంబం నిజంగా ఫ్రాన్సు నుంచి వచ్చినదేనా? పాత కాగితాలతో తేల్చడం ఎలా?

ప్రశ్న – తూర్పుతీరం

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా ఇంగ్లండులో నారిచ్‌లో ఉంటున్నాను. పోయిన నెలలో సముద్రం చూసి తిరిగి వస్తూ పాస్టన్ అనే చిన్న ఊళ్లో ఆగాము. అక్కడ 1581లో కట్టిన పెద్ద ధాన్యపు కొట్టం ఉంది. ఇప్పుడు అందులో గబ్బిలాలు కాపురం ఉంటున్నాయి. కట్టించిన కుటుంబం పేరూ పాస్టనే. పదిహేనో శతాబ్దంలో వాళ్లు రాసుకున్న ఉత్తరాలు వందల కొద్దీ మిగిలాయని తెలిసి, వారం రోజులు రాత్రిళ్లు అవే చదువుతూ కూర్చున్నాను.

1448లో మార్గరెట్ పాస్టన్ లండన్‌లో ఉన్న భర్తకు ఉత్తరం రాస్తూ, ఇంటి మీదికి శత్రువులు వచ్చేలా ఉన్నారు, విల్లులు పంపండి అంటుంది. అదే ఉత్తరంలో ఒక పౌను బాదంపప్పు, ఒక పౌను పంచదార కూడా పంపమంటుంది. ఆ మనిషి నాకు తెగ నచ్చేసింది.

నా చిక్కు ఇది. ఈ కుటుంబం మూలపురుషుడు ఫ్రాన్సు నుంచి వచ్చిన పెద్దమనిషి అని, 1466లో రాజే ధ్రువీకరించాడని ఒకచోట చదివాను. మార్గరెట్ భర్తకు తాత అయిన క్లెమెంట్ స్వయంగా నాగలి పట్టిన రైతు అని ఇంకొకచోట ఉంది. దేన్ని నమ్మాలి? నాలాంటి వాళ్లు అసలు కాగితాలు చూసి తేల్చుకోగలరా? లాటిన్ ఒక్క ముక్క రాదు.

జవాబు 1 – మధ్యాహ్నం

రాజు చెప్పాక ఇంకా సందేహం ఎందుకండీ? నాలుగో ఎడ్వర్డ్ ముద్ర ఉన్న పత్రం కంటే గట్టి రుజువు ఏముంటుంది?

జవాబు 2 – పాత లేఖరి

ముద్ర ఉన్నంత మాత్రాన సరిపోదండీ. ముప్పై నాలుగేళ్లు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాసినవాణ్ణి. ఫలానా రోజున ఫలానావారి ముందుకు ఈ కాగితం వచ్చిందని ముద్ర చెబుతుంది, అంతే. లోపల రాసినది నిజమో కాదో ముద్రకేం తెలుసు? ఇప్పుడు ఏడాదిలో నాలుగు నెలలు రెడింగ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటాను. మనవరాలు బడికి వెళ్లాక తోచదు. రైలెక్కి లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న జాతీయ పత్రాగారానికి పోతాను. ప్రవేశం ఉచితం, పాఠకుల కార్డు ఇస్తారు, ఫోనుతో ఫొటోలు తీసుకోనిస్తారు. ఈ పిచ్చి నాకు అలా పట్టుకుంది.

ముందు ఆ 1466 కాగితం సంగతి చూద్దాం. ఏ కాగితమైనా చేతికి రాగానే మా గురువుగారు అడిగే మొదటి ప్రశ్న, ఇది పుట్టే నాటికి ఎవరికి అవసరం పడింది అని. సర్ జాన్ ఫాస్టోల్ఫ్ అనే ధనిక వీరుడు 1459లో సంతానం లేకుండా చనిపోయాడు. కేస్టర్ కోటతో సహా ఆస్తి తనకే రాశాడని మార్గరెట్ భర్త జాన్ పాస్టన్ అన్నాడు. గొడవ పెద్దదైంది. ఈ పాస్టన్లు పుట్టుకతో రాజుగారి బానిస రైతులు అని ప్రత్యర్థులు ఎత్తుకున్నారు. ఇది తిట్టు మాత్రమే కాదు. బానిస రైతు ఆస్తి అతని ప్రభువుది అన్నది ఆనాటి న్యాయం. రుజువైతే కోట పోతుంది, పొలమూ పోతుంది. జాన్ 1465లో ఫ్లీట్ జైల్లో ఉన్నాడు. 1466 మే నెలలో చనిపోయాడు. అదే జులైలో అతని కొడుకూ తమ్ముళ్లూ పెద్దింటివారేనని రాజు తేల్చాడు. అంత అవసరం మీద పుట్టిన కాగితం అది.

రాజు ముందు ఏం చూపించారో ఆ పత్రంలోనే ఉంది. తమకు ఊళ్లో సొంత కోర్టు ఉండేదట, తమ కింద బానిస రైతులు ఉండేవారట, ఇంట్లో పూజకు సొంత పాదిరీని పెట్టుకునే అనుమతి ఉండేదట. మూలపురుషుడు వుల్‌స్టన్ ఫ్రాన్సు నుంచి వచ్చాడట. బ్రోమ్‌హోమ్ మఠం స్థాపించిన గ్లాన్‌విల్ అతనికి బంధువట. పైగా తేదీ ఉన్నవీ లేనివీ పాత దస్తావేజులు బోలెడు చూపించారు. వాటిలో సాక్షుల వరసలో పాస్టన్ల పేరే అందరికంటే ముందు ఉందట.

ఇక్కడ నాకు నవ్వు ఆగలేదు. ఆనాటి సాక్షులు సంతకాలు చేయలేదమ్మా, పేర్లన్నీ రాసింది లేఖరే. ఎవరి పేరు ముందు పెట్టాలో లేఖరికి చెప్పేది రాయించుకున్నవాడు. తేదీ లేకపోవడం మాత్రం తప్పు కాదు. పదమూడో శతాబ్దం చివరి దాకా ఇంగ్లండులో మామూలు జనం దస్తావేజులకు తేదీ వేసేవారు కాదు. కానీ తర్వాత కాలంలో పాత కాగితం సృష్టించాలనుకున్నవాడికి అంతకంటే వెసులుబాటు ఏముంది? వీళ్లు రెండు తరాలుగా లాయర్లు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఆ మూలపురుషుడి పేరులో ఉంది. వుల్‌స్టన్ అన్నది ఫ్రాన్సు నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్లు రాకముందు నుంచీ ఉన్న అచ్చమైన ఇంగ్లీషు పేరు. ఫ్రాన్సు నుంచి దిగినవాడికి ఆ పేరు ఎవరు పెట్టారో మరి.

రెండో కాగితం శత్రువులు రాయించినది. క్లెమెంట్‌కు పాస్టన్‌లో మహా ఉంటే నూరో నూటఇరవయ్యో ఎకరాలు, ఒక చిన్న నీటి మర. ఏడాది పొడుగునా ఒక నాగలి, బార్లీ విత్తే రోజుల్లో రెండు. జీను లేని గుర్రం మీద ధాన్యం వేసుకుని దాని మీదే కూర్చుని మరకు పోయేవాడట, పిండి కూడా అలాగే తెచ్చుకునేవాడట. భార్య పుట్టింటివారు బానిస రైతులట. కొడుకు విలియంను బడికి పంపడానికి మాటిమాటికీ అప్పులు చేశాడట.

చదవగానే నమ్మాలనిపిస్తుంది. అక్కడే జాగ్రత్త పడాలి. అబద్ధమాడేవాడు వివరాలు మరీ బాగా రాస్తాడు, వ్యాజ్యాల్లో ఎన్ని చూడలేదు. ఈ కాగితంలో ఒక కొక్కెం ఉంది. ఆ పొలంలో చాలా భాగం గిమింగ్‌హామ్ మేనర్‌కు, అంటే ఒక ప్రభువు ఎస్టేటుకు, చెందిన బానిస భూమి అంటాడు రాసినవాడు. భూమి బానిసదైతే దున్నేవాడు బానిస కానక్కరలేదు. స్వేచ్ఛాపరుడు కూడా అలాంటి భూమి తీసుకుని దానికున్న సేవలు చెల్లించుకోవచ్చు. పొలం స్థితి వేరు, మనిషి పుట్టుక వేరు. రాసినవాడు ఆ రెంటినీ తెలివిగా కలిపేశాడు. నూరు ఎకరాలంటే ఆనాటి నార్ఫోక్ రైతుకు చిన్న కమతమూ కాదు. 1419 నాటి క్లెమెంట్ వీలునామా ఉంది. భార్య బియాట్రిస్ సమాధి పక్కనే, పాస్టన్ చర్చి లోపల తనను పూడ్చమన్నాడు. ఊళ్లో పరపతి లేనివాడికి చర్చి లోపల చోటు దొరకదు. నా లెక్కలో అతను బాగా బతికిన రైతు. దొర కాదు, దిక్కులేనివాడూ కాదు.

ఇక మీరు ఏం చేయాలో చెబుతాను. వుల్‌స్టన్ దగ్గర మొదలుపెట్టకండి. లింకు దస్తావేజులు చూసేటప్పుడు మేము చివరి కాగితం నుంచి వెనక్కి పోతాము. మీరూ క్లెమెంట్ కొడుకు విలియం నుంచి వెనక్కి నడవండి. అతను 1429లో జడ్జి అయ్యాడు. 1427లో గ్రెషమ్ మేనర్ కొన్నాడు. అమ్మినది థామస్ చాసర్, కవి చాసర్ కొడుకు. అలాంటి కొనుగోళ్లు పట్టుకోవడానికి ‘ఫైన్’ అనే పత్రాలు ఉన్నాయి. ఫైన్ అంటే జరిమానా కాదు, రాజీ. కొన్నవాడు అమ్మినవాడి మీద ఉత్తుత్తి దావా వేస్తాడు, కోర్టులో రాజీ పడతారు. మన దగ్గర రాజీ డిక్రీ పుట్టించుకునేవాళ్లు గుర్తొచ్చారు నాకు. ఒకే తోలు మీద ఆ రాజీని మూడుసార్లు రాసి వంకర గీతగా కోస్తారు. చెరొకటి ఇద్దరికీ, అడుగు ముక్క కోర్టుకు. తగువు వస్తే మూడు ముక్కల వంకరలూ అతకాలి. దొంగ ముక్క అతకదు. 1195 నుంచి ఆ అడుగు ముక్కలు దాచారు, క్యూలో సీపీ 25/1 శ్రేణిలో ఉన్నాయి. మొదటిసారి ఒకటి చేతిలోకి తీసుకున్నప్పుడు దాని అంచు మీదే చాలాసేపు వేలు పెట్టుకుని కూర్చున్నాను. మా వృత్తిలో ఇంత మంచి ఉపాయం ఎవరికీ తట్టలేదే అనిపించింది.

విలియంకు ముందు తరం దగ్గర కష్టం మొదలవుతుంది. పెద్ద కుటుంబాలకైతే భూస్వామి చనిపోగానే జరిగే విచారణల పత్రాలు 1230ల నుంచి ఉన్నాయి. ఏయే భూములు, వారసుడు ఎవరు, వయసెంత అని స్థానికుల చేత ప్రమాణం చేయించి రాసుకునేవారు. కానీ రాజు నుంచి నేరుగా భూమి పొందినవాడికే ఆ విచారణ. క్లెమెంట్ లాంటివాడి కోసం దాన్ని వెతకడం వృథా. తర్వాతి తరాలవారు ఆస్తిని స్నేహితుల పేర్ల మీద పెట్టి తప్పించుకునేవారు. బినామీ అనుకోండి, అప్పటికది చట్టానికి లోబడినదే. చర్చి పుట్టుక, పెళ్లి పుస్తకాలు 1538కి గాని మొదలుకాలేదు. మిగిలినవి రెండు. 1327, 1332 పన్ను జాబితాలు ‘E 179’ అనే శ్రేణిలో వెతకండి, ఊరి వారీగా పేర్లు ఉంటాయి. గిమింగ్‌హామ్ లాంకాస్టర్ డచీ (లాంకాస్టర్ డ్యూకు ఎస్టేటు) కిందిది కాబట్టి దాని కోర్టు చుట్టల కోసం, అంటే చుట్టి దాచిన కోర్టు రికార్డుల కోసం, డీఎల్ 30 శ్రేణి చూడండి. క్లెమెంట్ గాని అతని తండ్రి గాని భూమికి సేవ చేశాడా, తన పుట్టుకకు సేవ చేశాడా అన్నది తేలితే గిలితే అక్కడే తేలుతుంది.

ఒక్క హెచ్చరిక. ‘డి పాస్టన్’ అని కనపడగానే ఎగిరి గంతేయకండి. పాస్టన్ ఊరివాడు అని దానికి అర్థం, ఇంటిపేరు కానక్కరలేదు. 1426లో విలియం జడ్జిగారే ఒక ఉత్తరంలో గొల్లుమన్నాడు. జాన్ వోర్ట్స్ అనే ఆయన పాస్టన్ అని పేరు పెట్టుకుని, నాకు బంధువునని అబద్ధం చెబుతున్నాడని. బతికి ఉన్నవాళ్లే ఒకరినొకరు ఒప్పుకోలేదు. ఆరు వందల ఏళ్ల తర్వాత పేరు చూసి మనం వంశవృక్షం గీస్తే ఎలా?

జవాబు 3 – పొడిఅక్షరం

లేఖరి గారు చెప్పినదానికి చిన్న చేర్పు. మేనర్ కోర్టు చుట్టలన్నీ క్యూలో ఉండవు, చాలా జిల్లా పత్రాగారాల్లో ఉండిపోయాయి. ఏ మేనర్‌వి ఎక్కడున్నాయో చెప్పే పట్టిక జాతీయ పత్రాగారం వెబ్‌సైటులోనే ఉంది. ముందు అది చూడండి, మీ నారిచ్ పత్రాగారంలోనే కొన్ని దొరకవచ్చు.

లాటిన్ గురించి అంత భయం వద్దు. ఫైన్లలో వాక్యం ఎప్పుడూ ఒకే అచ్చు. పేరు, ఊరు, ఎకరాలు, సొమ్ము మారతాయి, అంతే. పది చదివితే పదకొండోది దానంతటదే వస్తుంది. అసలు కష్టం లిపితో. ఐ, ఎమ్, ఎన్, యు నాలుగూ నిలువు గీతలే, పక్కపక్కన పడితే ఎక్కడ విడగొట్టాలో తెలియదు. నేను ఒక ఊరి పేరును రెండు వారాలు తప్పుగా చదివాను. హ్యూస్టన్ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఇంగ్లండు కోర్టు చుట్టల ఫొటోలు లక్షల్లో ఉచితంగా ఉన్నాయి. ఇంట్లో కూర్చుని సాధన చేయండి.

తూర్పుతీరం

లేఖరి బాబాయి గారూ (అలా పిలవవచ్చు కదా), మీ జవాబు మూడుసార్లు చదివాను. పాఠకుల కార్డుకు దరఖాస్తు పెట్టాను. ఒక్క మాట అడుగుతాను. ఇన్ని కాగితాల్లో మగవాళ్ల తగువే ఉంది. మార్గరెట్ సొంత వంశం మాటేమిటి? అదీ కట్టుకథేనా?

పాత లేఖరి

నిక్షేపంగా పిలవమ్మా. మంచి ప్రశ్న అడిగావు. మార్గరెట్ పుట్టింటివారు మాట్బీలు, వాళ్ల పాతదనం గురించి ఎవరూ కోర్టుకెక్కలేదు. తండ్రి ఆస్తికి ఆవిడే వారసురాలు. పాస్టన్లకు పెద్దరికం డబ్బుతో వస్తే, పాత వంశంతో సంబంధం ఈ కోడలితో వచ్చింది.

ఆ సంగతి ఆవిడకూ బాగా తెలుసు. 1482లో రాయించిన వీలునామా చూడు. భర్తను బ్రోమ్‌హోమ్ మఠంలో పూడ్చారు. ఆవిడ అక్కడికి పోనంది. తన పూర్వీకులు పడుకున్న మాట్బీ చర్చి పక్క నడవలో పూడ్చమంది. రాతి పలక మీద ఏమేం చెక్కాలో కూడా చెప్పింది. నాలుగు మూలలా నాలుగు డాలు గుర్తులు. ఒకదానిలో భర్తదీ తనదీ సగం సగం. మిగిలిన మూడూ మాట్బీలకు వియ్యమందిన పాత కుటుంబాలవి. పలక నడిమధ్యన మాత్రం ఒంటరిగా మాట్బీ గుర్తు, దాని కింద ‘దేవుడే నా నమ్మకం’ అన్న మాట. వంశవృక్షాన్ని తానే గీసి పోయింది. అందులో వుల్‌స్టన్ లేడు.

తూర్పుతీరం

మాట్బీ ఇక్కడికి దూరం కాదు. ఆదివారం వెళ్లి ఆ పలక ఫొటో పెడతాను.

పాత లేఖరి

పలక లేదమ్మా. ఆవిణ్ణి పూడ్చిన నడవే పడిపోయింది. చర్చి దక్షిణం గోడ బయట గడ్డి ఉంటుంది, అక్కడ నిలబడి చూసి రా. వెళ్లే ముందు వీలునామా నకలు ఒకటి ముద్రించి పట్టుకెళ్లు. ఆ రాయి మీద ఉండాల్సిన మాటలన్నీ అందులో ఉన్నాయి.